లాయరుతో పని పడకముందే లాయరును చూసి పెట్టుకోండి

తెనాలిలో 27 ఏళ్లుగా ప్లీడరు గుమాస్తాగా చేస్తున్నాను. మా సారుది పూర్తిగా సివిల్ ప్రాక్టీసు. పార్టిషన్ దావాలు, ఇంజంక్షన్లు, ఈపీలు (డిక్రీ అమలు పిటిషన్లు). పొద్దున్నే కట్టలు మోసుకుని కోర్టుకి వెళ్లడం, ఫైలింగ్ దగ్గర నిలబడటం, కాపీ అప్లికేషన్లు పెట్టడం, వాయిదాలు డైరీలో ఎక్కించుకోవడం, ఇదే నా పని. ఇన్నేళ్లు కోర్టు ఆవరణలో తిరిగిన నాకే 2019లో ఒక రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలో తోచలేదు.

మా అక్క కొడుకు బైక్ మీద వస్తూ రోడ్డు దాటుతున్న ఒక పెద్దాయన్ని గుద్దాడు. ఆయనకి కాలు విరిగింది. మా ఊరు కాదు, వేరే పట్టణం. రాత్రి తొమ్మిదింటికి కుర్రాణ్ణి స్టేషన్‌లో కూర్చోబెట్టారని ఫోన్ వచ్చింది. మా సారుకి చేస్తే, "నేను క్రిమినల్ సైడు చూడను కదయ్యా, పొద్దున ఎవరినైనా అడుగుదాం" అన్నారు. ఆయన తప్పేం లేదు, ఉన్న మాట చెప్పారు. నేనూ బావా బైక్ వేసుకుని వెళ్లాం. స్టేషన్ ఎదురుగా టీ కొట్టు దగ్గర ఒకాయన, తెల్ల చొక్కా, బండి హ్యాండిల్‌కి నల్లకోటు వేలాడేసుకుని, మమ్మల్ని చూడగానే లేచి వచ్చాడు. "యాక్సిడెంట్ కుర్రాడి తాలూకానా? రిమాండ్‌కి పంపేస్తారు. ఒకసారి జైలుకెళ్తే ఉద్యోగం ఉంటుందా? 25 వేలివ్వండి, లోపల నేను మాట్లాడతా" అన్నాడు. బావ ఏటీఎంకి పరిగెత్తి మూడుసార్లు కార్డు గీకి తెచ్చాడు. మర్నాడు పొద్దున ఇద్దరు జామీనుదారుల సంతకాలతో కుర్రాడు బయటికొచ్చాడు. ఆయన మాట్లాడబట్టే వచ్చాడని అక్క ఆ వారం అతనికి స్వీట్లు కూడా పంపింది.

మూడో రోజు ఎఫ్‌ఐఆర్ కాపీ నా చేతికొచ్చింది. పెట్టిన సెక్షన్లు అప్పటి శిక్షాస్మృతి ఐపీసీలోని 337, 338, అంటే నిర్లక్ష్యంగా ఒకరికి దెబ్బ, పెద్ద గాయం చేశారన్నవి. రెండూ బెయిలబుల్. అంటే జామీను ఇస్తే స్టేషన్‌లోనే వదలాలి, అది వాడి హక్కు. ఎవరూ ఎవరితో మాట్లాడక్కర్లేదు. చట్టం ఊరికే ఇచ్చేదానికి మేం 25 వేలు కట్టాం. ఆ తర్వాత బార్ అసోసియేషన్‌లో తెలిసినవాళ్లని అడిగితే, ఆ పేరుతో లాయరే లేడన్నారు.

సెక్షన్ బెయిలబులా కాదా అని ఒక్క ఫోన్ చేసి కనుక్కోగలిగిన మనిషి మాకు లేకపోవడమే ఆ రాత్రి మేం చేసిన తప్పు. ఆ తర్వాత కొన్నేళ్లకి బావ రెండు స్కూలు వ్యాన్లు కొన్నాడు. పూజ రోజునే అన్నాడు, "ఏమోయ్, ఈసారి ముందే ఒక లాయర్ని చూసిపెట్టు" అని. అప్పుడు నేను ఎలా వెతికానో, ఏం చూశానో రాస్తున్నాను. మా సారు సివిలు కాబట్టి నా సొంత వ్యాపారం కోసం రాస్తున్నానని అనుకోనక్కర్లేదు.

క్రిమినల్ లాయరు అనగానే మనకెందుకులే, మనమేమన్నా హత్యలు చేస్తామా అంటారు. నేను చూసినంతలో మేజిస్ట్రేట్ కోర్టు వరండాలో నిలబడేవాళ్లలో ఎక్కువమంది మనలాంటివాళ్లే. పొలం గట్టు తగాదాలో అన్నదమ్ములు, చెక్కు ఇచ్చి డబ్బు వెయ్యలేకపోయిన కిరాణా కొట్టాయన, కొడుకూ కోడలూ పోట్లాడుకుంటే పేరు ఎక్కిన అత్తామామలు, అపార్ట్‌మెంట్ సెక్రటరీ, బండి ఓనర్లు, డ్రైవర్లు. చెక్కు కేసుల్లో అయితే గడువులు పట్టుకుని నడవాలి. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు అవతలివాళ్లు నోటీసివ్వాలి, అది మీకు అందిన 15 రోజుల్లో మీరు కట్టెయ్యాలి. ఆ 15 రోజులూ లాయర్ని వెతుక్కోవడంలోనే అయిపోయినవాళ్లని చూశాను.

భూమి కేసు చూసే లాయరు చాలడా అంటే, చాలడు. సివిల్ కేసు పరిగెత్తదు. వాయిదాకి వాయిదాకి మధ్య నెలలుంటాయి, తప్పు జరిగితే దిద్దుకోవచ్చు. క్రిమినల్‌లో మొదటి రోజే సగం కేసు. అరెస్టు చేస్తే ప్రయాణం పట్టే టైము తీసేసి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగమే చెబుతోంది. ఆ 24 గంటల్లో ఏ కాగితం మీద సంతకం పెట్టారు, ఏం చెప్పారు, ఒంటి మీద దెబ్బలుంటే మేజిస్ట్రేట్‌కి చెప్పారా లేదా, ఇవన్నీ తర్వాత ఏళ్ల తరబడి వెంటాడతాయి. శుక్రవారం సాయంత్రం అరెస్టయితే ఇంకో చిక్కు. రిమాండ్‌కి ఆదివారమైనా మేజిస్ట్రేట్ ఇంటికి తీసుకెళ్తారు కానీ, నాన్‌బెయిలబుల్ సెక్షనైతే బెయిల్ పిటిషన్ మీద వాదనకి మామూలుగా సోమవారం దాకా ఆగాలి. శనాదివారాలు ఫోన్ ఎత్తని లాయరు ఎంత పెద్దాయనైతే మనకేం?

దానికి తోడు 2024 జులై 1 నుంచి చట్టాలే మారాయి. నేరాలూ శిక్షలూ చెప్పే ఐపీసీ పోయి బీఎన్ఎస్, అరెస్టూ బెయిలూ విచారణా ఎలా జరగాలో చెప్పే సీఆర్‌పీసీ పోయి బీఎన్ఎస్ఎస్ వచ్చాయి. అరెస్టు చెయ్యకుండా విచారణకి రమ్మని పోలీసులిచ్చే కాగితాన్ని మనమంతా 41ఏ నోటీసు అని అలవాటుగా అంటాం, అది ఇప్పుడు 35(3) నోటీసు. పాత కేసులు పాత నంబర్లతోనే నడుస్తున్నాయి కాబట్టి కోర్టులో రెండు భాషలూ వినబడుతుంటాయి. సివిల్ లాయర్లు చాలామంది ఈ కొత్త నంబర్లు ఇంకా పుస్తకం చూసే చెబుతున్నారు. మా సారు కూడా.

ఇక వెతకడం సంగతి.

ముందు మీ ఇల్లు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుంది, ఆ స్టేషన్ కేసులు ఏ మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్తాయి అన్నది కనుక్కోండి. చాలామంది దీన్ని వదిలేసి, హైదరాబాదులో పెద్ద లాయరు ఉన్నాడు, మా కజిన్‌కి తెలుసు అంటారు. పెద్ద లాయరు హైకోర్టులో క్వాష్ పిటిషన్‌కి, అంటే కేసునే కొట్టెయ్యమని అడగడానికి, పనికొస్తాడు. రాత్రి పదింటికి స్టేషన్‌కి వచ్చేది, పొద్దున రిమాండ్ రిపోర్టు చదివి మేజిస్ట్రేట్ ముందు లేచి నిలబడేది ఊళ్లో లాయరే. హైకోర్టు అవసరమైతే ఆ లాయరే ఒకరి పేరు చెప్తారు. 2019 జనవరి 1న మన హైకోర్టు వేరయ్యాక తెనాలి నుంచి అది ఒక పూట ప్రయాణం కూడా కాదు.

ఆ కోర్టు ఏదో తెలిశాక ఒక రోజు సెలవు పెట్టి వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. ఈ సలహా చెబితే అందరూ నవ్వుతారు. కానీ కోర్టు హాలు అందరిదీ, కొన్ని రకాల కేసులు తప్ప మిగతా విచారణంతా తలుపులు తీసే జరుగుతుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, కాళ్ల మీద కాళ్లు వేసుకోకుండా కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. పదిన్నరకి మేజిస్ట్రేట్ వచ్చి కూర్చుంటారు, కాల్ వర్క్, అంటే ఆ రోజు కేసులు వరసగా పిలవడం, మొదలవుతుంది. బెంచ్ క్లర్కు నంబర్లు చదువుతుంటే అటెండరు గుమ్మం దగ్గర పేర్లు పిలుస్తుంటాడు. అప్పుడు ముద్దాయి మొహం చూడకండి, లాయరు ఎక్కడున్నాడో చూడండి. పేరు పిలిచేసరికి కాగితం చేతిలో పెట్టుకుని లేచేవాళ్లు కొందరు. "సార్ వేరే కోర్టులో ఉన్నారండి" అని జూనియర్ని పంపేవాళ్లు కొందరు. ఎవరూ లేక ముద్దాయి ఒక్కడే బోనులో చేతులు కట్టుకుని నిలబడే కేసులు కొన్ని. ముద్దాయి రాలేదు, లాయరు గైర్హాజరు పిటిషన్ కూడా వెయ్యలేదు అంటే నాన్‌బెయిలబుల్ వారెంట్, ముద్దాయిని పట్టుకురమ్మని. ఒక జ్వరం సర్టిఫికెట్ టైముకి చేరక వారెంట్ పడి, దాన్ని రీకాల్ చేయించుకోవడానికి తిరిగినవాళ్లు ఎందరో. ఆ గైర్హాజరు పిటిషన్‌నే పాత రోజుల నుంచీ 317 పిటిషన్ అంటాం, ఇప్పుడు 355. ఈ చిన్న కాగితం మర్చిపోకుండా వేసే ఆఫీసు మంచి ఆఫీసు. అందులో సగం ఘనత గుమాస్తాదని కూడా ఇక్కడే చెప్పుకుంటాను.

మధ్యాహ్నం పూట ట్రయల్ కేసు ఉంటే వదలకండి. నేను కూర్చున్న రోజు రెండు క్రాసులు, అంటే అవతలి పక్షం సాక్షిని లాయరు ప్రశ్నించడం, చూశాను. మొదటి లాయరు గొంతు హాలు దాటి వరండాలోకి వినబడింది. "నువ్వు పోలీసులు చెప్పినట్టు చెబుతున్నావు." "కాదండి." "నువ్వు ఆ రోజు అక్కడ లేవు." "ఉన్నానండి." అరగంట ఇదే. టైపిస్టు "...అనడం వాస్తవం కాదు" అన్న అర్థం వచ్చే వాక్యాన్ని ఇంగ్లీషులో వరసగా కొడుతూ పోయాడు. బయట క్లయింటు మాత్రం మా లాయరు భలే దులిపాడని మురిసిపోయాడు.

రెండోది సెల్‌ఫోన్ల దొంగతనం కేసు. పోలీసులు సరుకు స్వాధీనం చేసుకుంటూ రాసిన పంచనామాకి మధ్యవర్తిగా, అంటే చూసిన సాక్షిగా, సంతకం పెట్టినాయన బోనెక్కాడు. బస్టాండులో ముద్దాయిని పట్టుకుని, అక్కడే సరుకు స్వాధీనం చేసుకుని, అక్కడే రిపోర్టు రాశామని కాగితంలో ఉంది. డిఫెన్సు లాయరు నలభై దాటిన ఆవిడ. లేచి మెల్లగా అడిగింది.

"ఆ రోజు మీ ఆఫీసు నుంచి ఎన్నింటికి బయల్దేరారండీ?"

"నాలుగింటికండి."

"రిపోర్టు మీరే రాశారా?"

"లేదండి, కానిస్టేబుల్ రాశాడు. నేను సంతకం పెట్టాను."

"రాసేటప్పుడు మీరు కూర్చున్నారా, నిలబడ్డారా?"

"కూర్చున్నానండి. కుర్చీ వేశారు."

"ఎక్కడ వేశారు కుర్చీ?"

"స్టేషన్‌లోనండి."

"అంతేనండి" అని కూర్చుంది. మేజిస్ట్రేట్ తలెత్తి ఒకసారి సాక్షి వంక చూసి, మళ్లీ కాగితం వంక చూశారు. నాలుగే ప్రశ్నలు. గొంతు లేవలేదు. నేను ఆవిడ పేరు చేతి మీద రాసుకున్నాను, డైరీ తీస్తే బాగుండదని.

ఒక్క రోజు చూసి తేల్చెయ్యకూడదు కాబట్టి ఇంటికొచ్చి ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ తీశాను. కోర్టు వాళ్లే నడిపే యాప్, డబ్బేమీ కట్టక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని అడ్వకేట్ పేరుతో వెతికితే ఆ లాయరు కేసులు వస్తాయి, నడుస్తున్నవి వేరుగా, ముగిసినవి వేరుగా. ఒక్కో కేసు తెరిస్తే ఏ తేదీన ఏం జరిగిందో ఉంటుంది, తీర్పు అప్‌లోడ్ చేసి ఉంటే చదువుకోవచ్చు. పేరు ఇంగ్లీషులో ఎలా ఎక్కించారో మాత్రం చూసుకోవాలి. ఇంటిపేరు ముందూ వెనకా, చుక్కతో చుక్క లేకుండా, ఒకే లాయరు మూడు పేర్లతో ఉండొచ్చు.

యాప్‌లో కొట్టివేతలు, అంటే అక్విటల్స్, లెక్కబెట్టుకుని సంబరపడకండి. సాక్షులు ఎదురుతిరిగి కొట్టేసినవి, ఇద్దరూ కలిసిపోయి లోక్ అదాలత్‌లో రాజీ అయినవి కూడా ముగిసిన కేసుల్లోనే ఉంటాయి. నేను చూసేది రెండే. మీకు రాగల కేసులు, అంటే నాకైతే యాక్సిడెంట్ కేసులు, ఆ లాయరు ఎన్ని నడిపారు? నడిపిన కేసులో సాక్షుల క్రాస్ దాకా వెళ్లారా, లేక ఏళ్ల తరబడి వాయిదాలేనా? ఆవిడ పేరు మీద యాక్సిడెంట్ కేసులు చాలానే కనబడ్డాయి. ఒక తీర్పు పూర్తిగా చదివాను. డ్రైవరు వేగంగా వచ్చాడని సాక్షి అన్నాడు సరే, ఎంత వేగమో చెప్పలేదు, స్కెచ్‌లో బ్రేకు గీతలు ఎక్కడున్నాయో చూపలేదు అని ఆవిడ లేవనెత్తిన పాయింట్లు అందులో ఉన్నాయి.

ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగడానికి మొహమాటపడొద్దు. రాష్ట్ర బార్ కౌన్సిల్ ఇచ్చిన నంబరు, ఎన్‌రోలైన సంవత్సరం ప్రతి లాయరుకీ ఉంటాయి, ఐడీ కార్డు కూడా ఉంటుంది. మాకు ఆ టీ కొట్టు నల్లకోటాయన్ని ఆ రాత్రి అడగాలన్న ఆలోచనే రాలేదు. ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లకి ఒక మాట. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం లాయరు తన గురించి ప్రకటనలు వేసుకోకూడదు. వెబ్‌సైట్‌లో పేరు, అడ్రసు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, చూసే కేసుల రకం పెట్టుకోవచ్చు, అంతవరకే. "బెయిల్ గ్యారంటీ" అని ఎక్కడైనా కనబడితే పేజీ మూసెయ్యండి.

ఇలా మూడు పేర్లు రాసుకుని బావని వెంటబెట్టుకుని తిరిగాను. వట్టి చేతులతో వెళ్లి, "మీరు మంచి లాయరేనా" అని అడగలేం కదా. వ్యాన్ల డ్రైవర్లతో రాసుకునే అగ్రిమెంటు చూడమన్నది మా వంక. మీరు అద్దె కాగితమో, చెక్కు నోటీసుకి జవాబో, ఏదో ఒక చిన్న నిజం పని పట్టుకెళ్లండి. పనికి ఎంతైతే అంత ఫీజు ఇవ్వండి.

మొదటాయన ఆఫీసు గోడ నిండా ఫొటోలు, దేవుళ్లు సగం, నాయకులు సగం. మేం కూర్చోకముందే "డీఎస్పీ మనవాడే" అన్నాడు. బావకి ఆ మాట బాగా నచ్చింది. నాకు అక్కడే భయమేసింది. డీఎస్పీ బదిలీ అవుతాడు, కేసు బదిలీ అవదు. పైగా పోలీసులతో అంత చనువున్నవాడు రేపు స్టేషన్ తప్పు చేస్తే దాన్ని కోర్టులో ఎత్తి చూపిస్తాడా? అగ్రిమెంటు చదవకుండానే బాగుందన్నాడు.

రెండో ఆయన నిజంగా గట్టి లాయరు, ఊళ్లో పేరున్న మనిషి. అరగంటలో పదకొండు ఫోన్లు వచ్చాయి. మా మాట మొదలవడం, ఫోన్ మోగడం. చివరికి జూనియర్ని చూపించి "వీడు చూసుకుంటాడు" అన్నారు. జూనియరు మంచి కుర్రాడే, కానీ మేం వచ్చింది ఆయన కోసం. పెద్ద సెషన్సు కేసు అయితే ఇప్పటికీ ఆయన దగ్గరికే వెళ్తాను.

మూడోది ఆ నాలుగు ప్రశ్నల లాయరమ్మ. మేడ మీద రెండు గదులు, మెట్ల మీద చెప్పులు. అగ్రిమెంటు మొత్తం చదివి పక్కన పెట్టి, "వ్యాన్ల ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది?" అని అడిగింది. బావ తడబడ్డాడు. "డ్రైవర్ల లైసెన్సు ఒరిజినల్ చూశారా, జిరాక్స్ చూశారా? ఇన్సూరెన్సు ఎప్పుడైపోతుంది?" బావ నావైపు చూశాడు. "ఇవి సరిగ్గా లేకపోతే కేసు వచ్చాక నేను చేసేది సగమే ఉంటుందండీ. ముందు వెళ్లి ఇవి చూసుకోండి" అంది. మేం అడగని విషయం ఇంకోటి కూడా చెప్పింది. డ్రైవరూ ఓనరూ ఇద్దరి మీదా కేసు పెడితే ఒక్కోసారి ఇద్దరికీ ఒకే లాయరు కుదరదట. డ్రైవరు ఓనర్ మీదకి నెడతాడు, ఓనరు డ్రైవర్ మీదకి నెడతాడు. "అప్పుడు మీలో ఒకరికి వేరే లాయర్ని చూసుకోమంటాను" అంది. తన పరిధి ముందే చెప్పే మనిషి దొరికిందని నాకు అక్కడే తేలిపోయింది.

చిన్న ఊళ్లలో ఈ ఇరుపక్షాల గొడవ ఎక్కువ. మీ దాయాదుల కేసు నడుపుతున్న లాయర్నే మీరు నమ్ముకుని ఉండొచ్చు. మీకు ఎవరితో తగాదా ఉందో, రాబోతోందో ఆ పేర్లు ముందే చెప్పి, వాళ్ల తరఫున మీరున్నారా అని అడగండి. కోర్టులో రోజూ కనబడే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు ఎంత బాగా వాదించినా ఆయన ప్రభుత్వం తరఫు మనిషి, ఆయన్ని మీ తరఫున పెట్టుకోలేరు.

లాయరుకి నిజం చెప్పాలంటే భయపడతారు జనం. జరిగిపోయిన దాని గురించి మీరు లాయరుతో చెప్పుకున్నది మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని సాక్ష్యాల చట్టంలోనే ఉంది. అది గుమాస్తాకి కూడా వర్తిస్తుంది. నా పొట్టలో ఎన్ని ఊళ్ల రహస్యాలున్నాయో మా ఆవిడక్కూడా తెలియదు. చెయ్యబోయే నేరానికి మాత్రం ఈ రక్షణ లేదు.

ఫీజు గురించి సిగ్గుపడకుండా మాట్లాడండి. "మొత్తం నేను చూసుకుంటా, మీరేం కంగారు పడకండి" అన్నవాళ్ల దగ్గరే తర్వాత కంగారు. విడగొట్టి అడగాలి. స్టేషన్‌కి వస్తే ఎంత, బెయిల్ పిటిషన్‌కి ఎంత, ట్రయల్ మొత్తానికి ఎంత, కాపీలూ స్టాంపులూ ఇందులోనేనా. లాయరమ్మ తెల్లకాగితం మీద నాలుగు గీతలు గీసి నాలుగంకెలు వేసిచ్చింది. గెలిస్తే ఇంత, ఓడితే ఏమీ వద్దు అని ఎవరన్నా అంటే అది ఔదార్యం కాదు. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. "లోపల ఇవ్వాలి" అని విడిగా అడిగేది ఫీజు అసలే కాదు. అది ఇస్తే మీ మీద ఇంకో కేసు పెట్టొచ్చు.

లాయరు నచ్చకపోతే మార్చుకోవచ్చు. పాత లాయరు నో అబ్జెక్షన్ రాసిచ్చాక కొత్తాయన వకాల్తా వేస్తారు. బాకీ ఫీజు దగ్గర ఇది చిక్కుకుంటుంది కాబట్టి కట్టినదానికి రసీదో, ఫోన్‌పే రికార్డో ఉంచుకోండి.

డబ్బు లేనివాళ్ల సంగతి. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, జిల్లా కేంద్రంలో కాకపోతే మండల కమిటీ. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఇంకొన్ని వర్గాలకి కూడా అంతే, మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంది. ఫోన్ నంబరు 15100. ఊరికే ఇచ్చే లాయరు ఊరికే ఉంటాడన్నది పాత మాట. ఇప్పుడు చాలా జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అని, ముద్దాయిల కేసులే చూసే లాయర్లని జీతమిచ్చి పెట్టారు. వాళ్లలో బాగా పనిచేసేవాళ్లని నేను చూశాను. మీకు అర్హత ఉంటే వాళ్లని కూడా వెనక బెంచీలో కూర్చుని చూడండి, ప్రైవేటు లాయర్ని చూసినట్టే.

లాయరు కుదిరాక ఇంకో పని ఉంది. నేను ఒక ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి లాయరమ్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇరవై నిమిషాల్లో జూనియర్ తిరిగి చేశాడు, "మేడం ఊళ్లో లేరండీ, ఏమైంది, ఎవర్నన్నా తీసుకెళ్లారా?" అని కంగారుగా. ఊరికే చేశానని చెబితే, మర్నాడు కోర్టులో కనబడినప్పుడు ఆవిడ చివాట్లు పెట్టింది. పెట్టించుకున్నాను. మీరు మాత్రం పగటిపూట చేసి, రాత్రి మీరు దొరక్కపోతే ఎవరికి చెయ్యాలి అని మర్యాదగా అడగండి. లాయరు నంబరొక్కటే ఉంటే చాలదు, జూనియర్ది, గుమాస్తాది కూడా కావాలి. పెద్ద లాయర్ల గుమాస్తాలకి లాయరు ఎక్కడున్నాడో లాయరు భార్య కంటే బాగా తెలుస్తుంది.

ఇవన్నీ ఫోన్‌లో దాచుకుంటే లాభం లేదు. స్టేషన్‌లో మొదట తీసుకునేది ఫోనే. బావ కోసం ఒక కాగితం రాశాను. పైన మూడు నంబర్లు. కింద జామీను ఉండటానికి ముందే ఒప్పుకున్న ఇద్దరి పేర్లు. వాళ్ల ఆధార్, ఇంటి పన్ను రసీదు జిరాక్సులు అక్క బీరువాలో పెట్టింది. రాత్రిపూట రసీదుల కోసం నలుగురి తలుపులు కొట్టే పని ఉండదు. బావకి షుగరు కాబట్టి మందుల పేర్లు. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో ఈ కాగితం ఫొటో పిల్లల దగ్గర కూడా ఉండాలి.

దాని కింద లాయరమ్మ చెప్పిన మాటలు ఆవిడ చెప్పిన వరసలోనే రాశాను. 35(3) నోటీసు ఇస్తే తీసుకుని సంతకం పెట్టు, ఆ తేదీకి లాయర్ని అడిగి వెళ్లు, ఎగ్గొట్టకు. నోటీసు ప్రకారం హాజరవుతుంటే మామూలుగా అరెస్టు చెయ్యకూడదు, చేస్తే కారణం రాయాలి. అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి, ఇంట్లోవాళ్లకి తెలియజెయ్యాలి, అడుగు. విచారణప్పుడు లాయర్ని కలవనివ్వాలి, మొత్తంసేపూ పక్కన ఉండనివ్వకపోయినా. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకు. పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం చెయ్యాల్సిన పని లేదు. సాక్షిగా రమ్మంటే అరవై దాటినవాళ్లనీ ఆడవాళ్లనీ స్టేషన్‌కి పిలవకూడదు, ఇంటికే వచ్చి అడగాలి. ఎవరితోనూ పోట్లాడకు, అరవకు, పేరూ ఊరూ చెప్పు, "మా లాయరుతో మాట్లాడాక చెబుతానండీ" అను.

బావ ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి రెండు వ్యాన్లలోనూ డ్రైవరు ముందు ఎండ అడ్డు రేకుకి అంటించాడు. మొదటి రోజు వ్యాను తుడుస్తూ డ్రైవరు దాన్ని చూసి దణ్ణం పెట్టుకుని, "ఇది ఏ దేవుడి స్తోత్రం సార్?" అని అడిగాడట.